భోజనానికి వచ్చినవారు

ఆ ఎండాకాలం మేం ఇల్లు కొనకపోయినా బాగుండేది. కొన్నాం సరే, నలుగురినీ భోజనానికి పిలవకపోయినా బాగుండేది. పిలిచాం సరే, వచ్చినవాళ్ళ పేర్లు మా ఆయన పత్రికలో వేయించకపోయినా సరిపోయేది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పిపోయినా మా సంసారం ఇంకోలా ఉండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. అనిపించి ఏం లాభం, మూడూ చేశాం.

1981 సంగతి ఇది. అయోవా రాష్ట్రంలో మార్లో కౌంటీ. మన జిల్లాలో నాలుగో వంతు ఉండదు గానీ దానికీ ఒక కోర్టు భవనం, ఒక షెరీఫు, ఎన్నికైన ఐదుగురు మెంబర్లతో ఒక బోర్డు, ప్రతి గురువారం వచ్చే ఒక వారపత్రిక ఉండేవి. ఎటు చూసినా మొక్కజొన్న, మధ్య మధ్య పందుల కొట్టాలు. తెలుగు మాట చెవిన పడాలంటే ఆరు గంటలు కారులో కూర్చుని షామ్‌బర్గ్‌లో ఉన్న మా పెద్దమ్మ కూతురు ప్రేమజ్యోతి ఇంటికి వెళ్ళాలి. మసాలాలూ అక్కడి నుంచే, వార్తలూ అక్కడి నుంచే.

నేను కౌంటీ హోమ్‌లో నర్సుని. దిక్కూ మొక్కూ లేనివాళ్ళకు తలదాచుకునే చోటుగా వందేళ్ళ కిందట కౌంటీ వాళ్ళు పొలంతో సహా కట్టిన ఆశ్రమం అది. నేను చేరేనాటికి పొలం కౌలుకు పోయింది, లోపల డెబ్భై మంది ముసలివాళ్ళు మిగిలారు. నా వీసా ఆ ఉద్యోగం మీదే ఉంది. గ్రీన్‌కార్డు కాగితాలు కూడా ఆ హోమ్ పేరు మీదే నడుస్తున్నాయి. అంటే ఆ పాత ఇటుకల భవనం నిలబడితే మేం నిలబడతాం, లేకపోతే పెట్టెలు సర్దుకోవాలి. ఈ ముక్క నాకు పొద్దున లేస్తూనే గుర్తొచ్చేది, పడుకునేటప్పుడూ గుర్తొచ్చేది. డ్యూటీలో మాత్రం గుర్తొచ్చేది కాదు, అక్కడ అంత తీరిక లేదు.

మా ఆయన కృపావరం గారు గుంటూరు జిల్లాలో మిషన్ హైస్కూల్లో తెలుగు పండితులు. నా వెనకాల వచ్చిన ఆయన వీసాకు ఇక్కడ పని చేసే హక్కు లేదు. మా సుమతిని బడికి తీసుకెళ్ళి తీసుకురావడం, అన్నం వండటం, కిటికీలోంచి పక్కవాళ్ళ ట్రాక్టరును చూడటం, అంతే. నలభై మంది పిల్లల ముందు కంచు గొంతుతో పద్యం చదివిన మనిషి రోజంతా ఎవరితోనూ మాట్లాడకుండా ఉంటే ఎలా ఉంటుందో నేను కళ్ళారా చూశాను. ఇంటికి రాగానే చెప్పులు విప్పకముందే “ఇవాళ ఏమేం జరిగాయి?” అని అడిగేవారు. చెప్పడానికి నాకు ఓపిక ఉండేది కాదు.

హోమ్‌లో ఎడ్నా అని ఎనభై ఎనిమిదేళ్ళ ముసలమ్మ ఉండేది. నలభై ఒక్క ఏళ్ళపాటు మా పత్రికకు ‘నార్త్ టౌన్‌షిప్ కబుర్లు’ రాసిన మనిషి. ఆదివారం ఎవరింటికి ఎవరు భోజనానికి వెళ్ళారు, ఎవరి కూతురు డెమాయిన్ నుంచి వచ్చి ఎన్ని రోజులు ఉంది, గాలివానకు ఎవరి కొట్టం పైకప్పు లేచింది, ఇవే ఆ కబుర్లు. మన ఊళ్ళో అరుగుల మీద ఊరికే దొరికే సమాచారమే, ఇక్కడ అచ్చు వేసి ఇంటికి పంపేవారు. చూపు పోయాక ఎడ్నా తన మాటలు రాసిపెట్టే మనిషి కావాలని నన్నడిగింది. మా ఇంట్లో ఒకాయన ఉన్నారు, చేతిరాత ముత్యాలు, చేతినిండా తీరిక అని చెప్పాను.

అలా వెళ్ళిన మనిషి ఆరు నెలలు తిరిగేసరికి ఆ కబుర్లకు వారసుడైపోయారు. జీతం లేదు గాని పేజీలో కింద ‘కె. కృపావరం’ అని పేరు పడేది. చొక్కా జేబులో చిన్న నోటుపుస్తకం పెట్టుకుని సైకిలు మీద తిరిగేవారు. రైతులు ట్రాక్టరు ఆపి మరీ కబురు చెప్పేవారు. పేరులో ప్రతి అక్షరం అడిగి రాసుకునేవారు. ఈ దేశంలో వార్త తప్పు పోతే మన్నిస్తారు గాని పేరు తప్పు పోతే జన్మలో మన్నించరన్నది ఎడ్నా ఆయనకు నేర్పిన మొదటి పాఠం. భోజనానంతరం అతిథులు ద్రాక్షపందిరి కింద చల్లగాలిని ఆస్వాదించారు లాంటి వాక్యాలు మాత్రం మా ఆయన సొంతం. పత్రిక ఎడిటరు డోరతీ అనే ఆవిడ మొదట్లో వాటిని కొట్టేసేది, చదివేవాళ్ళకు నచ్చుతున్నాయని తెలిశాక వదిలేసింది. రెండేళ్ళలో ఒక్క పేరు కూడా తప్పు పోలేదని ఆయన షామ్‌బర్గ్‌కు ఫోను చేసినప్పుడల్లా చెప్పేవారు. ఆ మాట వినీ వినీ ప్రేమజ్యోతికి విసుగొచ్చింది, నాకు మాత్రం రాలేదు. మనిషి మళ్ళీ మనిషయ్యాడు, అది చాలనుకున్నాను.

ఆ వసంతంలో వేరే రాష్ట్రపు కంపెనీ ఒకటి కౌంటీ హోమ్‌ను కొంటానని వచ్చింది. అమ్మాలా ఉంచాలా అన్నది బోర్డు ఓటుతో తేలాలి. ఐదుగురిలో ఇద్దరు అమ్మేద్దామన్నారు. ఛైర్మన్ ఎల్మర్ లిండ్‌క్విస్ట్, రిటైరైన టీచరమ్మ రూత్ బెకర్ ఉంచుదామన్నారు. ఐదో ఆయన వెర్లిన్ హోల్ట్. మంచివాడే గాని ఎవరు ఎదురుగా కూర్చుంటే వాళ్ళ మాట నిజమనిపించే రకం. జూన్ మూడో వారం మంగళవారం ఓటు అన్నారు. కంపెనీ వస్తే తన నర్సుల్ని తానే తెచ్చుకుంటుందని, నా కాగితాలు వెనక్కి పోతాయని హోమ్ అధికారి నాతో ముందే చెప్పాడు.

మేం ఇల్లు కొన్నది సరిగ్గా అప్పుడే. టౌను ఉత్తరపు కొసన పాత చెక్క ఇల్లు. ఇల్లన్నాక మా లూథరన్ వాళ్ళకు ప్రతిష్ఠ చేయించకుండా పొయ్యి వెలిగించే అలవాటు లేదు. పాస్టరుగారు ప్రార్థన చేయాలి, వచ్చినవాళ్ళకు కడుపునిండా పెట్టాలి. మా ఆయన పిలుపుల జాబితా రాశారు. చర్చివాళ్ళు, ఇరుగుపొరుగు, ఎడ్నా, చివర బోర్డు మెంబర్లు ఐదుగురూ. వాళ్ళెందుకండీ అన్నాను.

“ఊరి పెద్దలు రాకుండా ప్రతిష్ఠేంటి విమలా? మనూళ్ళో అయితే సమితి ప్రెసిడెంటుని పిలవమా? ఇద్దర్ని పిలిచి ముగ్గుర్ని మానేస్తే మాటొస్తది.”

నిజమే అనిపించింది. ఐదిళ్ళకూ స్వయంగా వెళ్ళి పిలిచి వచ్చారు. అమ్మేద్దామన్న ఇద్దరూ ఏదో పనుందన్నారు. మిగిలిన ముగ్గురూ వచ్చారు.

జూన్ రెండో ఆదివారం. ముప్పై నలుగురు జనం. కోడి కూరలో కారం సగానికి సగం తగ్గించి వండాను, పలావు మాత్రం మనలాగే చేశాను. చర్చి ఆడవాళ్ళు తలా ఒక గిన్నె తెచ్చారు. ఆకుపచ్చ జెల్లీలో కేరట్ తురుము వేసిన వంటకం ఒకే రోజున మూడిళ్ళ నుంచి మూడు వచ్చాయి. పాస్టరుగారు గది గదికీ వెళ్ళి ప్రార్థన చేశారు. మా ఆయన తెల్ల పంచె కట్టుకుని వాకిట్లో నిలబడి ఒక్కొక్కరినీ పేరుపెట్టి ఆహ్వానించారు. ఇంటిల్లిపాది పేర్లు, వాళ్ళ కుక్కల పేర్లతో సహా ఆయనకు వచ్చు. ఆ పూట ఆయన్ని చూస్తే నాకే ముచ్చటేసింది.

భోజనాలయ్యాక నేను కాఫీ పళ్ళెం పట్టుకుని పెరట్లోకి వెళ్ళాను. బట్టలారేసే తీగ కింద బోర్డు వాళ్ళు ముగ్గురూ నిలబడి ఉన్నారు. పక్కనే చక్రాల కుర్చీలో ఎడ్నా ఎండ కాచుకుంటోంది. లిండ్‌క్విస్ట్ గారు హోమ్ సంగతి మాట్లాడుతున్నారు. వెర్లిన్ హోల్ట్ నన్ను చూశాడు, ఎడ్నాను చూశాడు, టోపీ తీసి తల గోక్కున్నాడు. సరే, మంగళవారం నేను మీతోనే అన్నాడు. ఆయన కప్పు పొంగిపొర్లేదాకా కాఫీ పోశాను. వంటింట్లోకి పరుగున వచ్చి మా ఆయన చెవిలో ముగ్గురూ ఒక్క మాట మీదికొచ్చారండీ అని చెప్పాను. ఆయన అక్కడికక్కడే కళ్ళు మూసుకుని స్తోత్రం చేశారు.

సోమవారం ఇద్దరు నర్సులు రాక నేనే రెండు డ్యూటీలు చేస్తున్నాను. పది గంటలకు ఆయన కబుర్ల కాగితం పట్టుకుని హోమ్‌కు వచ్చారు. పన్నెండు లోపల పత్రికాఫీసులో ఇవ్వాలి. ఇచ్చే ముందు నాకు చూపించడం రివాజు. ఇంగ్లీషు నాకంటే ఆయనకే బాగా వచ్చు, నేను చూడాల్సింది ఎవరి మనసైనా నొచ్చుకుంటుందేమోనని. మందుల బండి తోసుకుంటూ ఒక కంటితో చదివాను.

‘ఆదివారం కృపావరం దంపతుల నూతన గృహ ప్రతిష్ఠకు ముప్పై నలుగురు విచ్చేశారు. కౌంటీ బోర్డు ఛైర్మన్ ఎల్మర్ లిండ్‌క్విస్ట్, మెంబర్లు శ్రీమతి రూత్ బెకర్, వెర్లిన్ హోల్ట్ ముఖ్య అతిథులు. భోజనానంతరం ముఖ్య అతిథులు ముగ్గురూ పెరట్లో అరగంటసేపు కౌంటీ హోమ్ విషయమై సంభాషించి, ఏకాభిప్రాయానికి వచ్చినందుకు గృహస్థులు దేవునికి కృతజ్ఞతలు చెల్లించారు.’

ఎవరికైనా నొచ్చుకుంటుందా అని అడిగారు. ఎందుకు నొచ్చుకుంటుంది, అందరినీ పొగిడారుగా, ఇచ్చేసి రండి అన్నాను. మా వైపు పేపర్లలో సభ జరిగితే వేదిక మీద కూర్చున్నవాళ్ళ పేర్లు వరసగా రాస్తారు, ఒక్క పేరు తప్పిపోతే అలకలు. పెద్దల పేర్లు వేయడం మర్యాద అని తప్ప అందులో ఇంకోటి ఉంటుందని మా ఇద్దరికీ తోచలేదు. ఉంటుందని తెలిసిన డోరతీ ఆ వారం కూతురి పురిటికి ఒమాహా వెళ్ళింది. అచ్చుపని వాళ్ళు వచ్చింది వచ్చినట్టు వేశారు.

మంగళవారం ఓటు మూడు, రెండు. హోమ్ నిలబడింది. భోజనాల హాల్లో కేకు కోశారు, నేను రెండు ముక్కలు తిన్నాను. గురువారం పత్రిక వచ్చింది.

శుక్రవారం పొద్దున అమ్మేద్దామన్న మెంబర్లలో ఒకాయన ఆ ముక్క కత్తిరించి పట్టుకుని కోర్టు భవనంలో కౌంటీ వకీలు బల్ల మీద పెట్టాడు. ఐదుగురిలో ముగ్గురు ఒకచోట చేరి కౌంటీ పని మాట్లాడితే అది బోర్డు మీటింగేనట. ముందుగా కోర్టు తలుపు మీద నోటీసు అంటించాలి, కావాలన్న ప్రతివాణ్ణీ రానివ్వాలి. బట్టలారేసే తీగ కింద కాఫీ కప్పులతో నిలబడి మాట్లాడినా చట్టం ఒకటే. రుజువైతే ఓటు చెల్లదు, మళ్ళీ వేయాలి. మళ్ళీ వేస్తే వెర్లిన్ హోల్ట్ భయపడి అమ్మేద్దామన్నవాళ్ళ వైపు తిరుగుతాడని ఊరందరికీ తెలుసు. రుజువేమో మా ఆయన పేరు కింద పెట్టి అచ్చయింది.

ఈ సంగతి నాకు డ్యూటీలో తెలిసింది. ఇంటికొచ్చి చెబితే ఆయన చాలాసేపు అర్థం కానట్టు చూశారు.

“భోజనానికి పిలిచి పేర్లు రాస్తే తప్పా?” అన్నారు. ఆ మాట నన్ను కాదు అడిగింది.

శనివారం మధ్యాహ్నం లిండ్‌క్విస్ట్ గారు వచ్చారు. మేం ఈ ఊరొచ్చిన జనవరిలో బస్సు స్టాండు దగ్గర మూడు ఉన్ని కోట్లు పట్టుకుని మా కోసం నిలబడిన పెద్దమనిషి ఆయన. మంచినీళ్ళిస్తే తాగలేదు. టోపీ మోకాలి మీద పెట్టుకుని దాని అంచునే చూస్తూ మాట్లాడారు. వెర్లిన్‌కు మార్విన్ అని తమ్ముడున్నాడు, నెబ్రాస్కాలో పొలం చేసుకుంటాడు, అచ్చం అన్నలాగే ఉంటాడు. ఆదివారం వచ్చింది మార్విన్ అయితే బోర్డువాళ్ళు ఇద్దరే అవుతారు, ఇద్దరు మాట్లాడుకుంటే మీటింగు కాదు. మార్విన్‌తో ఫోనులో మాట్లాడారట, సరేనన్నాడట. ఇక మిగిలింది పత్రికలో ఒక సవరణ.

“మీరు కొత్తవాళ్ళు. మా ముఖాలు మీకు ఒకేలా కనిపిస్తాయంటే ఎవరూ తప్పు పట్టరు” అన్నారు.

“వెర్లిన్ గారి పేరు నేను ఇప్పటికి పదకొండు సార్లు రాశాను” అన్నారు మా ఆయన.

తెలుసు అన్నారు లిండ్‌క్విస్ట్ గారు. తనకు సిగ్గుగానే ఉందని, ఆ డెబ్భై మంది కోసం అడుగుతున్నానని చెప్పి లేచారు. నా వైపు ఒకసారి చూసి వెళ్ళారు. ఆ చూపు ఎందుకో నాకు తెలుసు. కబుర్లకు సోమవారమే గడువైనా, సవరణ బుధవారం పన్నెండు లోపల ఇస్తే ఆ వారం పత్రికలో పడుతుంది.

ఆదివారం చర్చికి వెళ్ళాం. సోమవారం, మంగళవారం నేను డ్యూటీకి వెళ్ళాను. ఆయన వంట చేశారు, బట్టలుతికారు, సుమతికి ఎక్కాలు అప్పజెప్పించారు. ఆ విషయం మాత్రం ఇద్దరం ఎత్తలేదు. హోమ్‌లో అందరూ నన్నే చూస్తున్నట్టుండేది. ముసలివాళ్ళను లేవదీసి, కడిగి, పక్కలు మార్చి, మళ్ళీ పడుకోబెట్టి, కాళ్ళు మొద్దుబారిపోయేవి. అంత అలసటలో నాకు నిజం మీదే కోపం వచ్చింది. నిజం ఏమైనా నాతోపాటు వచ్చి పక్కలు మారుస్తుందా అనుకున్నాను. ఇలా అనుకున్నందుకు తర్వాత చాలా ఏడ్చాను గాని, ఆ రోజు మాత్రం అలాగే అనుకున్నాను.

మంగళవారం సాయంత్రం ఎండ ఇంకా తగ్గలేదు. ఆయన పెరటి మెట్ల మీద కూర్చుని ఉన్నారు. వెళ్ళి పక్కన కూర్చున్నాను.

“ఏమండీ, ఒక్క పేరే కదా.”

“పేరే విమలా.”

“లోపల డెబ్భై మందున్నారు. నా పేపర్స్ ఉన్నాయి. సుమతి స్కూలుంది. పొమ్మంటే ఎక్కడికెళ్తాం?”

ఆయన మెల్లగా అన్నారు. “అబద్ధం చెప్పమంటే చెప్తానే. మనిషన్నాక ఎన్ని చెప్పడు? వీళ్ళు అడిగేది అది కాదు. వీళ్ళ ముఖాలు నాకు తెలవవని చెప్పమంటున్నారు. ఈ రెండేళ్ళూ నేను చేసిందల్లా వీళ్ళ ముఖాలు తెలుసుకోటమే.”

నాకంతా అర్థమైంది. అర్థం కాలేదని చెప్పుకోవడానికి లేదు.

“తెలుసండీ. అయినా రాయండి” అన్నాను.

ఆయన లేచి లోపలికి వెళ్ళారు. బల్ల దగ్గర కూర్చున్న చప్పుడు వినిపించింది. ఒమాహా నుంచి తిరిగొచ్చిన డోరతీ సవరణ ఎలా ఉండాలో టైపు చేసి పంపింది, దాని కింద సంతకం పెడితే చాలు. ఆయన అలా పెట్టలేదు. మొత్తం తన చేత్తో తిరగరాశారు. డోరతీ మరిచిపోయిన ఒక కామా కూడా పెట్టారు.

‘గత వారం కబుర్లలో హోల్ట్ సోదరులలో ఒకరిని మరొకరిగా పొరబడ్డాను. ఈ ప్రాంతానికి కొత్తవాణ్ణి కావడం వల్ల జరిగిన పొరపాటు. పాఠకులు మన్నించాలి. కె. కృపావరం.’

గురువారం అది అచ్చయింది. కౌంటీ వకీలు ఆయన్ని కోర్టు భవనానికి పిలిచి ఇది నువ్వే రాశావా అని అడిగాడు. నేనే రాశాను అన్నారు. ఫైలు మూసేశారు. మా ఇంట్లో ఆ పూట భోంచేసిన ముప్పై నలుగురిలో చర్చివాళ్ళంతా వెర్లిన్‌ను బాప్తిస్మం నాటి నుంచి ఎరిగినవాళ్ళే. ఒక్కరు నోరు విప్పలేదు. ఆ ఆదివారం మా ఆయన చెయ్యి అందరూ మామూలుకంటే ఎక్కువసేపు పట్టుకుని ఊపారు. మరుసటి వారం వెర్లిన్ హోల్ట్ సగం పంది మాంసం కాగితాల్లో చుట్టించి తెచ్చి మా ఫ్రీజరులో తనే సర్ది వెళ్ళాడు.

భోజనానికి రానివాళ్ళతో వచ్చింది అసలు బాధ. వాళ్ళు ఆ సవరణను నమ్మారు. పోస్టాఫీసులో, కిరాణా కొట్టులో రెండేళ్ళుగా తెలిసినవాళ్ళు ఆయన ఎదురుపడితే గుండె మీద చెయ్యి పెట్టుకుని “నేను కార్ల్‌ని”, “నేను డొనాల్డ్‌ని” అని నిదానంగా చెప్పడం మొదలుపెట్టారు. వెటకారం కాదు, జాలి. పరాయి దేశంవాడు, పోల్చుకోలేడు పాపం అని. ఆయన ప్రతిసారీ తల వంచి థాంక్యూ అనేవారు. కిరాణా కొట్టులో ఒకసారి నేను పక్కనే ఉన్నాను, డబ్బాలు చదువుతున్నట్టు అటు తిరిగి నిలబడ్డాను.

సవరణ పడిన గురువారం ఆయన ఎడ్నాకు పత్రిక చదివి పెట్టడానికి రాలేదు. తల దువ్వుతూ నేనే చదివాను. మొదటి పేజీ, చావులు, పెళ్ళిళ్ళు, చివరికి అది. ఎడ్నా దాన్ని మళ్ళీ ఒకసారి చదవమంది.

“కళ్ళు పోయాయి గాని చెవులున్నాయి. ఆ రోజు నా పక్కన మాట్లాడింది మార్విన్ కాదు” అంది.

నేను దువ్వుతూనే ఉన్నాను.

“నలభై ఒక్క ఏళ్ళు రాశాను. రాయకుండా వదిలేసినవి బోలెడు. జరగనిది మాత్రం ఒక్కటీ రాయలేదు. వదిలెయ్యడం ఎలాగో ఆయనకి నేర్పాల్సింది, మర్చిపోయాను.”

తప్పు నీది కాదు అందామనుకున్నాను. అంటే ఎవరిది అని అడుగుతుందేమోనని దువ్వెన తీసుకుని లేచాను.

ఆయన మళ్ళీ కబుర్లు రాయలేదు. డోరతీ రెండుసార్లు ఇంటికి వచ్చి అడిగింది, ఒంట్లో బాగాలేదన్నారు. ఆగస్టు నుంచి చర్చి క్వాయర్‌లో పాడే ఒకావిడ రాయడం మొదలుపెట్టింది. ఆవిడ పేర్లన్నీ తప్పులే రాసేది, ఎవరూ ఏమీ అనలేదు. ఎడ్నా ఆ చలికాలంలోనే పోయింది. మరుసటి ఏడు నాకు గ్రీన్‌కార్డు వచ్చింది, దానితోపాటు ఆయనకు పని చేసే హక్కు వచ్చింది. టర్కీ కోళ్ళ ఫ్యాక్టరీలో చేరారు. చల్లటి గదిలో రబ్బరు బూట్లేసుకుని నిలబడి చేసే పని. ఇంటికొచ్చాక ఇవాళ ఏమేం జరిగాయి అని ఆయన నన్ను అడగడం మానేశారు. చెప్పడానికి నాకు ఓపిక ఉన్న రోజుల్లో కూడా అడగలేదు.

రెండేళ్ళ తర్వాత కౌంటీ వాళ్ళు తమ చరిత్ర అంతా ఒక పుస్తకంగా వేశారు. ఎర్ర అట్ట, బంగారు అక్షరాలు, ప్రతి ఇంట్లోనూ ఒకటి. ఏ ఊరు ఎప్పుడు వెలిసింది, రైలు ఎప్పుడొచ్చింది, ఏ కుటుంబం ఏ దేశం నుంచి వచ్చింది అన్నీ ఉన్నాయి. సుమతికి అప్పుడు పదేళ్ళు. మన పేరు ఎక్కడుందో చూస్తానని నేల మీద బోర్లా పడుకుని పేజీలు తిప్పింది. కౌంటీ హోమ్ అధ్యాయంలో దొరికింది. అచ్చం అమెరికా పిల్లలాగే గబగబా పైకి చదివింది. 1981లో విదేశీయుడైన ఒక విలేఖరి ఇద్దరు సోదరులను పోల్చుకోలేక చేసిన పొరపాటు వల్ల హోమ్ చేజారిపోయేంత పనైందనీ, సకాలంలో ఆయన దిద్దుకోవడంతో గండం గడిచిందనీ ఉంది.

“డాడీ, ఇది నువ్వా? నీకు టూ మెన్ సేమ్‌గా కనిపించారా?” అంది.

ఆయన అప్పుడే ఫ్యాక్టరీ నుంచి వచ్చి కుర్చీలో కూర్చుని బూటు లాగుతున్నారు. లాగడం ఆపి నా వైపు చూశారు. నేను స్టవ్ దగ్గర ఉన్నాను. కాదమ్మా, డాడీకి ఈ ఊళ్ళో తెలియని ముఖం లేదు, అలా రాయమన్నది నేను అని ఒక్క ముక్క చెప్పాలి. గ్రీన్‌కార్డు చేతికొచ్చేసింది, ఇక భయం లేదు, చెప్పొచ్చు. చెబితే పిల్ల నన్ను చూసే చూపు మారిపోతుందని స్టవ్ వైపు తిరిగి కూర కలిపాను. ఆయన నా కోసం కాసేపు ఆగారు.

“అవునమ్మా. నాకు పోల్చుకోటం రాలా” అన్నారు.

సుమతి పకపకా నవ్వి, పక్కింటి పిల్లకు చూపిస్తానని పుస్తకం పట్టుకుని పరుగెత్తింది.